నాన్న వేలి కోసం ఆగిన మోటారు

నాన్నకు పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయినప్పుడు, బర్మామైన్స్ బస్తీలోని మా ఇంట్లో అందరికన్నా తక్కువ మాట్లాడింది మా వదిన. గోవింద్‌పూర్ దగ్గరి ఫ్యాక్టరీలో లారీ విడిభాగాలు బిగించే యంత్రాలకు సాఫ్ట్‌వేర్ రాయడం ఆమె ఉద్యోగం. నాన్న వేళ్లను రోజూ ముడిచి చాపించాలని డాక్టరు చెప్పాడు. మేం వంతులేసుకుని ఆ పని చేస్తుంటే కొన్నాళ్లు చూసి, ఒకరోజు నాతో అంది: "నువ్వు ఫ్రేము చేసిపెట్టు. నడిపించే సంగతి నేను చూత్తాను."

నేను వర్క్‌షాపులో ఫిట్టర్ని. అల్యూమినియం రేకుతో చేతికి తొడుగు చేసి, చిన్న మోటారు బిగించి ఇచ్చాను. వదిన ప్రోగ్రాం ఎక్కించింది. ఫిజియోథెరపీ చేసే ఆవిడ చూసి సరేనంది. నాన్న వేళ్లు చక్కగా ముడుచుకుని, తెరుచుకున్నాయి. నాకైతే పని అయిపోయినట్టే అనిపించింది.

నాన్న మాత్రం ముఖం చిట్లించాడు. "ఏటమ్మా, ఇది నన్ను లాగేత్తంది. నా చెయ్యి నేను ఆడించినట్టు నేదు."

వదిన నొచ్చుకోలేదు. తన అరచేతిని ఆయన వేళ్ల కింద పెట్టి, "తొయ్యండి మావయ్యా. ఎంతైతే అంతే" అంది. నా కంటికి ఏ కదలికా కనపడలేదు. ఆమెకు తెలిసింది. "ఉంది. తోత్తన్నారు" అంది.

వేలి కింద ఒత్తిడిని పట్టే సెన్సరు పెట్టించి, ప్రోగ్రాం మొదటినుంచి తిరగరాసింది. ఇప్పుడు మోటారు ఆగి చూస్తుంది. నాన్న తొయ్యడం మొదలుపెట్టాకే కాస్త సాయం పడుతుంది.

అయినా ఆయనకు తొడగనివ్వలేదు. తన చెయ్యి అందులో పెట్టుకుని, మోటారు నడుస్తుండగా సెన్సరు తీగ లాగెయ్యమని నాతో అంది.

"మోటారు వదలకపోతే?" అన్నాను.

"వదలకపోతే ఇప్పుడే తెలవాలి. లాగు."

లాగాను. మోటారు వదల్లేదు, ఆమె వేలు నొక్కుకుపోయింది. నేను కరెంటు ఆపేశాను. అన్నయ్య కోప్పడితే, "అది మావయ్య వేలైతే?" అని మళ్లీ ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. సరిచేసి, మళ్లీ తన చెయ్యే పెట్టింది. ఈసారి తీగ ఊడగానే తొడుగు మెత్తగా తెరుచుకుంది. ఇంకా ఎన్నిసార్లు లాగించిందో!

చివరికి నాన్న తొడుక్కున్నాడు. చాలాసేపు ఏమీ జరగలేదు. తర్వాత చూపుడు వేలు కదిలింది, ఆ వెంటనే మోటారు సన్నగా మూలిగింది.

"ఇది నేనే గదమ్మా?"

"మీరే మావయ్యా. అది మీ ఎనకాల వత్తంది, అంతే."

చొక్కా గుండీలు ఇప్పటికీ మేమే పెడతాం. చెంచా మాత్రం కుడిచేత్తో ఆయనే పట్టుకుంటాడు, ఎవరినీ ముట్టుకోనివ్వడు. పప్పు ఒలుకుతుంది. వదిన పక్కనే కూర్చుని, అటు చూడనట్టు తన అన్నం తాను తింటుంది.