అక్కకు పంపిన అరటి పిలకలు

మొన్న నాందేడ్‌లో మా మేడ మీది తొట్టిలో అరటిచెట్టు ఒరిగితే నిలబెడదామని పట్టుకున్నాను. మొదలు దగ్గర ఊడి చేతికొచ్చింది, దుంప మట్టిలోనే ఉండిపోయింది. ఆ కుళ్ళు కంపు తగలగానే చిన్నప్పటి తోట గుర్తొచ్చింది. ఈ వయసులో దాన్ని మళ్ళీ పీల్చే ఓపిక నాకు లేదు.

ఇస్లాపూర్ దగ్గర మా తోటలో ఎండాకాలమంటే తడిమట్టి వాసన, కాలువలో చల్లబడే పాదాలు, అరటిదొప్పల పడవలు, లేత ఆకులో అమ్మ పెట్టే వేడి జొన్నరొట్టె, అరటినారతో కట్టిన మల్లెలు. పెళ్ళైన ఆడబిడ్డ మొదటి అరటితోట పుట్టింటి పిలకలతోనే వేయాలని మా ఇంట్లో పట్టింపు. బయట కొంటే నాయినకు తల కొట్టేసినట్టుండేది. ఒక ఏడు, నాయ్‌గావ్‌లో కాపురమున్న పెద్దక్కావాళ్ళు తమకున్న ఒక్క చేనూ అరటికే సిద్ధం చేశారు.

సరిగ్గా అప్పుడే మా చెట్లు వాడాయి. "దూపైతుంది వాటికి," అని నాయిన పొద్దూమాపూ నీళ్ళు కట్టాడు. ఆ నీళ్ళే తెగులును చెట్టు నుంచి చెట్టుకు మోసుకుపోయాయి. ఒరిగిన చెట్టు మొదట్లో కూర్చుని అమ్మ అంది: "దూప కాదు, జర వాసన చూడుండ్రి. మా అన్న తోటల ఎండుతెగులు జూసిన. దానికి ఆకులు పసుపువడి బోదె సుట్టూ ఏలాడ్తయి, బోదె చీలుతది, గింత కంపు రాదు. గిది దుంపకుళ్ళు." నాయిన వినలేదు. పచ్చగా కనిపించిన చెట్ల పక్కన పిలకలు అక్క కోసం ఏరి బండికెక్కించాడు.

తర్వాత వ్యవసాయ ఆఫీసు సాహెబ్ వచ్చి, తెగులు సోకిన దుంప ముక్కను గ్లాసు నీళ్ళలో వేలాడదీశాడు. ముక్క నుంచి పాలలాంటి తెల్లటి పోగులు దిగాయి. ఇది బ్యాక్టీరియా, నీళ్ళు తగ్గించండి, పిలకలు ఎవరికీ ఇవ్వకండి అన్నాడు. అక్కకు కబురు పోయేసరికి పిలకలు నాటేశారు.

అక్క తోట పడిపోయింది. ఆ మాట తను నాయినకు చెప్పలేదు. అడగాలంటే నాయినకు భయం. గెలలు కోసే కాలానికి, బజారులో కొన్న గెలను మన పిలకలదేనని చెప్పి తనే తెచ్చింది. నాయిన ఒక పండు ఒలుచుకుని తిని, "మంచిగుంది బిడ్డా," అన్నాడు.

ఇప్పుడందరూ టిష్యూకల్చర్ మొక్కలే తెచ్చుకుంటున్నారు. పుట్టింటి పిలక అడిగేవాళ్ళు లేరు, నాయినా లేడు. నిన్న ఫోన్‌లో అక్కతో అన్నాను, ఆ గెల సంగతి ఆయనకు చివరిదాకా తెలియకపోవడమే మేలైందని.

"తెల్వకేంది?" అంది అక్క. "మన పండుకు తొక్క పల్చగుంటది, నే కొన్నదానికి మందం. చేతుల వట్టంగనే ఎర్కైంది ఆయనకు. నా మొఖం జూసుకుంట ఇంకోటి అడిగి తిన్నడు."