భోజనాల హాల్లో మామగారి నడక

పోయినేడు ప్రొద్దుటూరులో మా బావమరిది పెళ్లి. నిశ్చితార్థం వీడియోను కింద భోజనాల హాల్లోని తెరకు పంపే పని నేనే నెత్తినేసుకున్నాను. పై అంతస్తులో ల్యాప్‌టాప్ తెరిచి, మౌస్ ముట్టకుండా ఒక్క కమాండ్‌తో నెట్‌వర్క్‌లో పంపిస్తానని మరదళ్ల ముందు గొప్పలు పోయాను. ఆ ఊపులో ఫైల్ పేరు బదులు ఫోల్డర్ పేరు కొట్టాను.

నిశ్చితార్థం వీడియో అయిపోగానే ఆ ఫోల్డర్‌లోని ఇంకో వీడియో దానంతటదే మొదలైంది. పక్షవాతం వచ్చిన మా మామగారిలా కాలీడ్చి నడుస్తూ, స్నేహితులను నవ్విస్తున్నది నేనే.

పరుగున కిందికి దిగేసరికి మామగారు విస్తరి ముందు కూర్చుని తెరవైపే చూస్తున్నారు.

"ఏమప్పా, నేనట్ల నడుస్తాండానా?" అని మెల్లగా అడిగారు.

ఇప్పటికీ పులివెందులలో వాళ్లింటికి వెళ్తే, నేనున్నంతసేపూ ఆయన మంచినీళ్లకైనా కుర్చీలోంచి లేవరు.

– పేరు చెప్పుకోలేని ఓ అల్లుడు, జమ్మలమడుగు