టీవీ వెనక చెయ్యి

నిన్న సూర్యాపేటల మా ఇంట్ల బిడ్డ చేతిలకెళ్లి ఫోన్ గుంజుకుంటే చెయ్యి సుర్రుమన్నది. అంతసేపు కార్టూన్ చూసిందన్నట్టు! ఆ వేడికి మా వేములపల్లి ఇంట్ల డబ్బా టీవీ యాదికొచ్చింది.

మన ఈడోళ్లకు ఎరుకే గదా, అప్పట్ల టీవీ చూసిండ్రా అని నోటితోని ఎవరడిగిండ్రు? టీవీ వెనక చెయ్యి పెట్టి, వేడిగుందా అని చూసేటోళ్లు. మా బాపు మిర్యాలగూడ రైస్ మిల్లుల పని చేసేటోడు. మమ్మల్ని పట్టుకోవాలని, గల్లీ మూల మీదనే బండి బంద్ చేసి, చప్పుడు కాకుండ నూక్కుంట వచ్చేటోడు. గేటు కిర్రుమనంగనే నేను, తమ్ముడు కార్టూన్ బంద్ చేసి, టీవీకి అట్టతోని గాలి విసిరేటోళ్లం. బాపు చెయ్యి టీవీ వెనక్కి పోతాంటే మేం పుస్తకాలల్ల మొకాలు పెట్టేటోళ్లం.

ఒకనాడు ట్యూషన్ లేదని జల్దీ ఇంటికొచ్చినం. బాపు బండి వాకిట్లనే ఉంది. లోపల కార్టూన్ చప్పుడు, దాన్ని మించి బాపు నవ్వు. గేటు కిర్రుమనంగనే రెండూ ఒక్కసారే ఆగినయి.

లోపలికి పోతే బాపు పేపర్ పట్టుకొని కూసున్నడు. తమ్ముడు సీదా పోయి టీవీ వెనక చెయ్యి పెట్టిండు.

"ఏందిరా?" బాపు పేపర్ దించిండు.

తమ్ముడు చెయ్యి తియ్యలే. "ఏం లేదు బాపూ. సల్లగనే ఉంది."

బాపు మల్ల పేపర్ లేపిండు. మర్నాటి సంది మాత్రం గల్లీ మూల మీదికెళ్లే హారన్ కొట్టుకుంట వచ్చేటోడు.