ఐదో నంబరు చొక్కా

ఫుట్‌బాల్ లీగులన్నిటికీ అడుగున ఒక లీగు ఉంటుంది. అందులో ఆడేవాళ్లు పొద్దంతా పైపులు బిగించి, బస్సులు నడిపి, సాయంత్రానికి బంతి దగ్గరికి చేరతారు. అలాంటి ఒక క్లబ్బులో చొక్కాలు చూసుకునే మనిషిని అందరూ బట్టల బాబాయ్ అనేవాళ్లు. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ‘ఏమండీ’ అని పిలిచే ఒక్క మనిషీ ఆ ఏడు ఆటలు మొదలవడానికి నెల ముందు కన్నుమూసింది.

గ్యాలరీ మెట్ల కింద ఆయన గది. కప్పు వాలుగా ఉండటంతో నిటారుగా నిలబడితే తల తగులుతుంది. ఎప్పుడూ దేవుడి ముందున్నట్టే తల వంచుకుని తిరగడం ఆయనకు అలవాటైపోయింది. గదిలో పదహారు ఆకుపచ్చ చొక్కాలు. చవగ్గా వచ్చాయని క్లబ్బువాళ్లు నంబర్లు లేనివి కొంటే, ఆయన భార్య దళసరి తెల్లగుడ్డ కత్తిరించి, ఒకటి నుంచి పదహారు దాకా చేత్తో కుట్టిపెట్టింది.

“మిషన్ మీద కుడితే ఒక్క పూట పని కదే” అన్నాడాయన అప్పట్లో.

“మిషన్ కుట్టు సాగదండీ. ఎవడో చొక్కా పట్టుకు లాగితే పటుక్కున తెగుతుంది. చేతికుట్టయితే మనిషితో పాటు సాగుతుంది” అందావిడ.

ఆట మర్నాడు చొక్కాలు ఇంటికి తెచ్చి, ఎండిన మట్టి బ్రష్షుతో దులిపి, చన్నీళ్లలో నానబెట్టి, తిరగేసి ఉతికి మేడ మీద ఆరేసేవాళ్లు. సాయంత్రం ఎదురెదురుగా కూర్చుని మడతలు పెట్టేవాళ్లు. సరి సంఖ్యలు ఆయనవి, బేసి సంఖ్యలు ఆవిడవి. ఒక్కో చొక్కాకు ఒక్కో మొక్కు. ఆయన పైకే అడిగేవాడు: “ఎనిమిదో నంబరువాడి భార్యకు నెలలు నిండాయి, చల్లగా చూడు తండ్రీ.” ఆవిడ మాత్రం పెదవులు కదిపేది, అంతే.

“ఏం అడిగావే?”

“దేవుడికి చెప్పింది మళ్లీ మీకూ చెప్పాలా?”

ఇప్పుడు పదహారూ ఆయనవే అయ్యాయి. బేసి చొక్కా చేతికి వచ్చేసరికి ఏం అడగాలో పాలుపోయేది కాదు. “ఆవిడ ఏం అడిగేదో అదే ఇవ్వు తండ్రీ” అని మడతపెట్టి, ఎదురుగా ఖాళీగా ఉన్న పీట పక్కన పెట్టేవాడు.

మూడో ఆటలో ఏడో నంబరు ఒక కొస ఊడి, వీపు మీద జెండాలా కొట్టుకుంది. వీపు మీద నంబరు కనబడకపోతే ఆడనివ్వనని రిఫరీ హెచ్చరించాడు. కోచ్ బళ్లో లెక్కలు చెప్పే మేష్టారు. మనిషి మెత్తన, మాట మాత్రం సూటి. ఆట అయ్యాక గదికి వచ్చి మూలనున్న అట్టపెట్టె చూపించాడు. సిమెంటు కొట్టాయన ఇచ్చిన కొత్త చొక్కాలు అందులో ఉన్నాయి, నంబర్లు అచ్చు వేసినవి.

“బాబాయ్, ఇంక ఈ పెట్టె విప్పేద్దామా?”

“ఈ ఒక్క సీజనూ పాతవాటితో గడిపేద్దాం మేష్టారూ. నేను కుట్టుకుంటాను.”

“సూదిలో దారం ఎక్కించడం వచ్చా మీకు?”

“వస్తుంది.”

మేష్టారు కాసేపు ఆ చేతికుట్టు వైపే చూశాడు. “సరే. కానీ ఇంకొక్క నంబరు మైదానంలో ఊడిందంటే పెట్టె విప్పుతాను. అప్పుడు నన్ను ఏమీ అనకూడదు.”

రాదని ఒప్పుకోలేదు గానీ, బాబాయ్ సూది పట్టింది అదే మొదలు. మర్నాడు మధ్యాహ్నమంతా కిటికీ దగ్గర కూర్చుని, ఆవిడ సూది చేసిన చిల్లుల్లోంచే తన సూది పోనిచ్చి ఏడో నంబరు కుట్టాడు. వారం తిరిగాక ఆటకు ముందు ఆ నంబరు కుర్రవాడు చొక్కా తలమీంచి వేసుకున్నాడు. తల లోపలే ఉండిపోయింది.

“మేష్టారూ! దారి లేదిక్కడ!”

వీపుతో పాటు ముందు పొరనూ కలిపి కుట్టేశాడు బాబాయ్.

“ఇది చొక్కానా, దిండు గలీబా బాబాయ్?” అన్నారెవరో. గది గదంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు. అయిదో నంబరు తాపీ మేస్త్రి మాత్రం నవ్వకుండా మోకాళ్ల మీద కూర్చుని, బ్లేడుతో ఒక్కో కుట్టే విప్పాడు. తెల్లగుడ్డకు గీత కూడా పడనివ్వలేదు.

వీధి చివర ఉండే మరదలు సంగతి విని వచ్చింది. “చొక్కా లోపల పళ్లెం పెట్టి కుట్టాలి బావా, సూది అవతలికి దిగదు. అయినా ఇటు పారెయ్, రెండు రోజుల్లో అన్నీ కుట్టేస్తా.”

“వద్దమ్మా.”

“నీ చేతికుట్టు చూస్తే అక్క లేచొచ్చి తిడుతుంది.”

“వస్తే రానీ” అన్నాడాయన. మరదలు పళ్లెం కడిగి చేతికిచ్చింది.

ఆ సీజనంతా క్లబ్బు ఓడుతూ, ఎప్పుడో ఒకసారి గెలుస్తూ వచ్చింది. బాబాయ్ మాత్రం ఒక్క నంబరూ ఊడనివ్వలేదు. వారానికొకటి కుట్టుకుంటూ చివరి ఆటకు పదిహేను చొక్కాలు తన దారంలోకి తెచ్చాడు. మిగిలింది అయిదు. దాని అంచు వదులవుతోందని ఆయనకు తెలుసు. మూడుసార్లు పళ్లెం లోపల పెట్టాడు, మూడుసార్లూ తీసేశాడు. పూర్తిగా ఆవిడ దారం మిగిలింది దానికొక్కదానికే.

చివరి ఆట రెండో సగంలో ఎవడో మేస్త్రి చొక్కా పట్టి లాగాడు. అయిదు ఊడి గడ్డిలో పడింది.

రిఫరీ ఈల వేశాడు. మేష్టారు బాబాయ్ వైపు చూశాడు. బాబాయే వెళ్లి, పెట్టెకున్న టేపు తన చేత్తోనే చించి కొత్త చొక్కా తెచ్చాడు. మేస్త్రి గడ్డిలోంచి గుడ్డ తీసి, మట్టి దులిపి, మడిచి మేజోడులో దోపుకున్నాడు.

“జాగ్రత్తగానే ఆడాను బాబాయ్.”

“తప్పు నీది కాదు నాన్నా, నాది. వదులైందని తెలిసీ కుట్టలేదు.”

మిగతా ఆట పదిమంది చేతికుట్టు చొక్కాల మధ్య ఒక్క కొత్త చొక్కా మిలమిల్లాడుతూ సాగింది. ఒక గోలు తేడాతో ఓడారు. అయ్యాక మేస్త్రి మేజోడులోంచి గుడ్డ తీసిచ్చి, ఆయన భుజం మీద ఒకసారి చెయ్యి వేసి వెళ్లిపోయాడు.

మర్నాడు చొక్కాలు ఉతికి ఆరేసి, అవి ఆరాక బాబాయ్ కిటికీ దగ్గర అయిదో నంబరు ముందేసుకున్నాడు. మరదలు వచ్చి గుమ్మంలో నిలబడింది.

“వచ్చే ఏడు కొత్తవే కదా బావా. ఇంక దీన్నెవరు తొడుక్కుంటారు?”

“ఎవరూ తొడుక్కోరు.”

“మరి?”

“పళ్లెం జరుగుతోంది, కాస్త పట్టుకో అమ్మా.”

ఆమె పట్టుకుంది. ఆయన నిదానంగా పాత చిల్లుల్లోంచే కుట్టాడు. ఆమె వెళ్లిపోయాక ఒక్కడే కూర్చుని మడతలు మొదలుపెట్టాడు. అయిదు చేతికి వచ్చింది. అలవాటు కొద్దీ ‘ఆవిడ’ అని మొదలుపెట్టి ఆగాడు. ఎదుటి పీట వైపు చూశాడు, మళ్లీ చొక్కా వైపు చూశాడు.

“తాపీ పనివాడు తండ్రీ. ఎత్తుల మీద నిలబడతాడు. కాలు జారకుండా చూడు” అన్నాడు పైకే.

మడత పెట్టి, ఆరో నంబరు అందుకున్నాడు.