మోగని గొట్టాలు

బర్మింగ్‌హామ్‌లో మా నాన్న ఈనక్ పాత జంటగొట్టాల తుపాకులు బాగుచేసేవాడు. మా తాత చేసిన తుపాకీని తాను చనిపోయేలోగా ఒక్కసారైనా పేల్చాలని ఆయన కోరిక. గొట్టాలు తుప్పుకు పలచబడటంతో, వాటిలో ఇమిడేలా కొత్త సన్న గొట్టాలను మూడు నెలలు సానబట్టాడు. మొదటే చేయాల్సిన పరీక్షను మాత్రం భయంతో చివరిదాకా వాయిదా వేశాడు.

చివరికి ఆ పరీక్ష కోసం పాత గొట్టాలను వేలాడదీసి కొయ్యతో తట్టాడు. రెండు గొట్టాలనూ కలిపే అతుకు గట్టిగా ఉంటే గంటలా మోగాలి; వదులైతే పేల్చడం ప్రమాదం. తుపాకుల చప్పుడుకు ఆయన చెవులు ఏనాడో మందగించాయి, అందుకే నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు.

"మోగిందా, ఐరిస్?"

"లేదు నాన్నా. టక్కుమంది."

"నీకూ చెవుడొచ్చినట్టుందే!" అని మళ్లీ తట్టాడు.

నా ముఖం చూసి కొయ్య కింద పెట్టాడు.

"విప్పి మళ్లీ అతికించలేవా?" అని అడిగాను.

వణుకుతున్న చెయ్యి చూపించాడు. "దీంతోనా?"

ఫిబ్రవరిలో నాన్న పోయాడు. ఆ తుపాకీ పేలనేలేదు.