అత్తమ్మ చేతిలో రివాల్వర్

మా మేనత్త పోయిన సంగతి నాకంటే ముందు ఆమె పక్క పొలం రైతు మార్టిన్‌కు తెలిసింది. జనవరిలో ఒక ఉదయం, ఐర్లండ్ రాజధాని శివారు చెర్రీవుడ్‌లో మా అపార్ట్‌మెంట్ వంటగదిలో కూర్చుని ఆఫీసు మీటింగులో ఉన్నాను. ఫోన్ మీద అతని పేరు కనబడగానే మైకు ఆపేశాను. మార్టిన్ అనవసరంగా ఫోన్ చేసే మనిషి కాదు.

"మీ అత్త వెళ్ళిపోయిందమ్మా," అన్నాడు. "పాలు ఇద్దామని వెళితే తలుపు తీయలేదు. నా దగ్గర తాళంచెవి ఉందిగా. మంచంలోనే, నిద్రలోనే. ముఖం చాలా ప్రశాంతంగా ఉంది, నా మాట నమ్ము."

కోవిడ్ కాదనీ, గుండె ఆగిందనీ ఆమెను చూసే డాక్టరు తర్వాత చెప్పాడు. ఆ క్షణాన నాకు ఏడుపు రాలేదు. ఏడుపు కంటే ముందు వేరొకటి వచ్చింది. ఆమె ముఖాన్ని చివరిసారి చూసింది అతను, నేను కాదు. తాళంచెవి కూడా అతని దగ్గరే ఉంది. మీకు వింతగా అనిపించవచ్చు కానీ, అత్తమ్మ గురించి రాయాలంటే నాకు అసూయతోనే మొదలుపెట్టాలి. ఆమె బతికి ఉన్నప్పుడు నేను ఆమెను ప్రేమించిన తీరు కూడా అదే.

ఆమె మా నాన్నకు అక్క. హనుమకొండలో పుట్టి, మత్తు డాక్టరుగా చదువుకుని, నేను పుట్టకముందే ఐర్లండ్‌కు వచ్చింది. పడమటి మాయో జిల్లాలోని కాజిల్‌బార్‌లో పనిచేసి అక్కడే రిటైరైంది. పట్నం దాటాక, పొలాల మధ్య చిన్న ఇల్లు. వంటింట్లో ఆవకాయ, హాలులో వెంకన్న పటం, పడకగదిలో చీరల బీరువా, దాని పక్కన గోడకు బిగించిన ఒక ఉక్కు పెట్టె. నేను ఈ దేశానికి వచ్చిన కొత్తలో అందులో నగలుంటాయనుకున్నాను. ఆమె ఒక ఆదివారం పొద్దున దాన్ని తెరిచి రివాల్వర్ తీసింది.

"ఏందే గట్ల చూస్తున్నవ్? పాము కాదు, కరవదు," అంది.

అది ఎప్పుడో అమెరికాలో తయారైన పాత వస్తువు. ఆరు గుండ్లు పట్టే చక్రం, పొడవాటి గొట్టం, అరిగి నున్నబడిన అక్రోటు కర్ర పిడి. దూరం నుంచి నల్లగా కనిపిస్తుంది. కిటికీ వెలుతురులో పెడితే నెమలికంఠం పట్టుచీర రంగు. చక్రాన్ని వేలితో తిప్పితే గింజలు రాలినట్టు మెత్తటి చప్పుడు. ఈ దేశంలో అలాంటి చేతి తుపాకులకు చాలాకాలం లైసెన్సులు ఇవ్వలేదు. మధ్యలో కొన్నేళ్ళు ఇచ్చి మళ్ళీ ఆపేశారు. ఆ కొన్నేళ్ళలో కొన్నవాళ్ళు ఉంచుకోవచ్చు. కొత్తవాళ్ళకు రాదు, వారసులకూ రాదు. అత్తమ్మ సరిగ్గా ఆ సమయంలోనే తుపాకులు పేల్చే క్లబ్బులో ఒక ముసలాయన దగ్గర దాన్ని కొన్నది. నేను అప్పటికి హైదరాబాద్‌లో ట్యూషన్లకు తిరుగుతున్నాను.

వాళ్ళకు పిల్లలు లేరు. మామయ్య బతికున్నన్నాళ్ళు ఆ ఉక్కు పెట్టె తెరిచి ఉంటే పడకగదిలో అడుగుపెట్టేవాడు కాదట. బంధువులు ఎవరైనా "డాక్టరమ్మకు తుపాకి ఎందుకు?" అని అడిగితే, "మీ ఆయనకు క్రికెట్ ఎందుకు?" అనేది. నాకు మాత్రం ఒకసారి సరిగా చెప్పింది. "వారమంతా ఇంకోళ్ళ ఊపిరికి కావలి ఉంట. ఆదివారం ఒక్కపూట నా ఊపిరి నేను చూసుకుంట."

లాక్‌డౌన్ మొదలయ్యే ముందు మేము ఆమె ఇంటికి వెళ్ళిపోయాం. చెర్రీవుడ్‌లో రెండు గదులు, నావీ మా ఆయనవీ ఆఫీసు కాల్స్, బడి లేని కూతురు. అత్తమ్మే "రండి, ఇంత ఇల్లు ఊకే పడి ఉంది" అని పిలిచింది. అలా ఆ వసంతమంతా ఆమెను దగ్గరగా చూసే అదృష్టం కలిగింది.

షూటింగ్ రేంజి మూతపడింది. అయినా ఆదివారం వస్తే ఆమె తలస్నానం చేసి, దీపం పెట్టి, కాఫీ తాగి, వంటింటి బల్ల మీద పాత తువ్వాలు పరిచేది. రివాల్వర్ తెచ్చి చక్రం తెరిచి చూసేది, కన్నాల్లో చిటికెన వేలు పెట్టి మళ్ళీ చూసేది. "ఖాళీగున్నదని ఎరుకే కదా?" అంటే, "ఎరుకే. అయినా చూడాలె. మత్తిచ్చేటప్పుడు కూడ గంతే," అనేది. శుభ్రం చేశాక ఉత్తుత్తి గుండ్లు పెట్టి, గోడ మీద అతికించిన చిన్న నల్ల చుక్కకు గురిపెట్టేది. గొట్టం చివర ఒక సెంటు నాణెం పెట్టి ట్రిగ్గర్ లాగేది. టిక్. నాణెం కదిలేది కాదు.

ఆ సమయానికి మార్టిన్ వచ్చి కిటికీ బయట, గులాబీ మొక్కకు అవతల నిలబడేవాడు. అతనికీ ఆ క్లబ్బులోనే సభ్యత్వం. తనకున్నది చిన్న పిస్తోలు. లోపలికి చూసేవాడు కాదు, టోపీ చేతిలో పట్టుకుని వినేవాడు.

"అది కాస్త తొందరపడ్డావు, డాక్టర్."

"తెలుసయ్యా, తెలుసు."

"హా, ఇది గ్రాండ్," అనేవాడు తర్వాతి టిక్కుకు. బాగుందనడానికి ఇక్కడివాళ్ళ మాట అది.

ఇద్దరూ చిన్నపిల్లల్లా నవ్వుకునేవాళ్ళు. నేను అదే గదిలో లాప్‌టాప్ ముందు కూర్చుని, ఒక టిక్కుకూ ఇంకో టిక్కుకూ మధ్య తేడా ఏమిటో తెలియక లోలోపల ఉడికిపోయేదాన్ని. ఆ రివాల్వర్ మీద అసూయ, మార్టిన్ చెవుల మీద అసూయ. అన్నిటికంటే ఎక్కువగా, ట్రిగ్గర్ లాగే ముందు అత్తమ్మ ముఖంలోకి వచ్చే ఆ నెమ్మదితనం మీద. ఇంట్లో ఎవరు పిలిచినా ఆమెకు వినబడేది కాదు. నన్ను ఎవరూ పిలవని ఒక్క నిమిషం కూడా లేదు ఆ రోజుల్లో.

స్నానాలగదిలో తలుపు వేసుకుని హెయిర్ డ్రయ్యర్ మీద నాణెం పెట్టి ప్రయత్నించాను. ప్రతిసారీ పడిపోయేది. ఒకసారి సింకులో పడి ఖణేలుమన్న చప్పుడుకు అత్తమ్మ బయట నుంచి, "హెయిర్ డ్రయ్యర్‌కు లైసెన్స్ ఉన్నదానే?" అని అడిగింది. కోపంతోనే నవ్వాను.

ఆమెకు కూడా అసూయ ఉండేది. కాకపోతే దాచుకునేది కాదు. ఆ వసంతంలో ఆమె ఆసుపత్రికి ఫోన్ చేసి, మళ్ళీ పనిలోకి వస్తానని అడిగింది. వయసు రీత్యా వద్దన్నారు, ఎంతో మర్యాదగా. ఫోన్ పెట్టేసి చాలాసేపు గిన్నెలు తోమింది. కడిగిన గిన్నెలే మళ్ళీ తోమింది.

"ఆ పిల్లలు లేరా, నేను నేర్పినోళ్ళు," అంది చివరకు. "ఇప్పుడు వాళ్ళే గొంతుల్ల గొట్టాలేస్తున్నరు. నేనేమో ఈడ పప్పు గిన్నె తోముతున్న. కుళ్ళొస్తుంది నాకు."

"వాళ్ళ ప్రాణాలకే ప్రమాదం అత్తమ్మా, దానికి కుళ్ళేంది?"

"అయితేంది? వచ్చినదాన్ని వచ్చిందనే చెప్పాలె. లోపల పెట్టుకుంటే తుప్పు పడుతది."

ఎండాకాలంలో రేంజి తెరిచారు. ఆమె నన్ను తీసుకువెళ్ళింది. కొండ వాలును తవ్వి చేసిన మైదానం, చుట్టూ మట్టికట్ట, రేకుల కప్పు కింద గీతలు గీసిన స్థానాలు, మనిషికీ మనిషికీ మధ్య ఒక స్థానం ఖాళీ. క్లబ్బువాళ్ళు ఆమెను చూడగానే దూరం నుంచే చేతులెత్తి పలకరించారు. సల్వార్ కమీజ్ మీద వానకోటు, చెవులకు పెద్ద మూతలు, కళ్ళద్దాలు. ఆమె నిలబడి రెండు చేతులా రివాల్వర్ ఎత్తింది. భుజాలు దిగాయి. ఊపిరి తీసి, సగం వదిలి, ఆపింది.

అంతవరకు నాకు తెలిసింది టిక్ మాత్రమే. ఇప్పుడు అది పేలింది. ఆ దెబ్బ నా పక్కటెముకలకు తగిలింది. అత్తమ్మ మాత్రం అంగుళం కదలలేదు. ఆరు పేల్చి, చక్రం తెరిచి, ఖాళీ గుండ్లు అరచేతిలోకి ఒంపుకుంది. టార్గెట్ కాగితం తెచ్చి చూస్తే చిల్లులన్నీ ఒక పూరీ కింద దాగేటంత చోట ఉన్నాయి. ఆమె ఆ కాగితాన్ని వెలుతురుకు ఎత్తిపట్టి చూసిన చూపు, కొత్తగా పుట్టిన బిడ్డను చూసే చూపు.

తర్వాత నన్ను నిలబెట్టి, నా వెనకే నిలబడింది. అనుకున్నదానికంటే బరువుగా ఉంది. నా మొదటి గుండు మట్టికట్టను తాకింది. రెండోది ఎక్కడికి పోయిందో ఎవరికీ తెలియలేదు.

"పేలుతదని ఎదురుచూస్తున్నవ్," అంది నా చెవి మూత పక్కకు జరిపి. "ఎదురుచూడకు. అది పేలినప్పుడు నువ్వు కూడ జర ఉలిక్కిపడాలె. దాంతోని కొట్లాడకు, ఒత్తుకుంట పో."

ఒత్తుతూ పోయాను. ఎప్పుడు పేలిందో నిజంగానే తెలియలేదు. మణికట్టు నుంచి పళ్ళ దాకా ఒక వణుకు పాకింది, కాలిన మందు వాసన ముక్కుకు తగిలింది. కాగితం మీద, నల్ల వలయం అంచున, చిన్న గుండ్రటి వెలుగు. నేను గట్టిగా నవ్వేశాను. కాల్స్ లేవు, వైరస్ లేదు, నేనూ ఆ చిల్లూ అంతే. ఇన్నేళ్ళూ ఈమె ప్రతి ఆదివారం దీన్ని అనుభవిస్తోందా అని ఆ నవ్వులోనే మళ్ళీ కడుపు మండింది.

ఆ తర్వాత రివాల్వర్ అక్కడే ఉన్న మార్టిన్‌కు ఇచ్చింది. అతని చిల్లులు ఆమెవాటికంటే దగ్గరగా పడ్డాయి. అత్తమ్మ "అబ్బ!" అంది, తెలుగులోనే. ఆ మాట నా గుండుకు అనలేదు.

తిరిగి వస్తుంటే కారులో అడిగేశాను. "అత్తమ్మా, ఎప్పటికైనా అది నాకు ఇచ్చే దారి లేదా?"

"లేదు. పోలీసులు ఒప్పుకోరు, చట్టం గట్లుంది."

"ఉంటే ఇచ్చేదానివా? మార్టిన్‌కా, నాకా?"

ఆమె ట్రాక్టర్‌కు దారి ఇచ్చి, నెమ్మదిగా అంది. "నీకు కావాల్సింది తుపాకి కాదు బిడ్డా. ఒక ఆదివారం కావాలె. దానికి లైసెన్స్ అక్కరలేదు."

"నీకు చెప్పడం అల్కగ ఉంటది. నాకు పిల్ల ఉంది, సంసారం ఉంది."

"ఉన్నయ్," అంది. "పొద్దుగాల నీ బిడ్డ నిద్రకండ్లతోని వచ్చి నీ ఒళ్ళ చేరుతది చూడు. అప్పుడు నేను పొయ్యి దిక్కు తిరిగి నిలబడుత. ఎందుకనుకున్నవ్?"

ఇంటి ముందు కారు ఆపాక ఆమె నా తలమీద చెయ్యి పెట్టి, "నడువు, ఆకలైతుంది," అంది. ఆ వారం నుంచి ఆదివారం పొద్దున నా కూతురిని ఆమే పట్టుకునేది, నేను ఒక్కదాన్నే పొలాల మధ్య నడిచి వచ్చేదాన్ని. ఎవరూ పిలవని గంట అంటే ఏమిటో నాకు అప్పుడు తెలిసింది. మా అమ్మాయి ఆమె పక్కన నిలబడి చపాతీలు ఒత్తుతూ, "గ్రానీ, దిస్ వన్స్ గ్రాండ్!" అని మాయో యాసలో అరవడం దూరానికి వినిపించేది.

బడులు తెరిచాక మేము చెర్రీవుడ్ వచ్చేశాం. మళ్ళీ రాకపోకలు ఆగిపోయాయి, రేంజి మూతపడింది. తర్వాత ఆ జనవరి ఉదయం.

అంత్యక్రియలకు ప్రయాణం చేయవచ్చు కాబట్టి వెళ్ళాను. నేను చేరేసరికి ఇంటి ముందు గార్డుల కారు, అంటే ఇక్కడి పోలీసు కారు, ఉంది. ఒక యువ గార్డు, మాస్కు మీద కళ్ళు మాత్రమే కనబడుతున్నాయి, ఎంతో మన్ననగా చెప్పాడు. యజమాని లేని ఇంట్లో ఆయుధం ఉంచకూడదట. అత్తమ్మ ముందే ఒక తుపాకుల వ్యాపారితో మాట్లాడి పెట్టిందట. ఫ్రాన్సులో ఎవరో ఒకావిడ, పోటీల్లో పరిచయమైన మనిషి, దాన్ని తీసుకుంటుందట. అన్నీ సక్రమంగా జరిగిపోయాయట.

అతను రివాల్వర్ ఉన్న చిన్న పెట్టెను కారులో పెడుతుంటే నేనూ మార్టిన్ గేటుకు చెరోవైపు నిలబడి చూశాం.

"ఫ్రాన్సు ఆవిడకా!" అన్నాడు మార్టిన్. "ఆమె తెలుసు నాకు. నాకంటే బాగా పేలుస్తుంది, ఆ మనిషి."

"నీకు కుళ్ళుగా ఉందా?" అని అడిగాను.

"భయంకరంగా ఉంది," అన్నాడు. "నా మంచి ఆవును ఇచ్చేసేవాణ్ణి దానికి బదులు. నీకు?"

"నాకు నీ మీద కూడా ఉంది," అన్నాను. "మొదటి రోజు నుంచీ."

అతను టోపీ సర్దుకుని నవ్వాడు. "నాకూ నీ మీద ఉంది. నువ్వు వచ్చాక ఆమె వారమంతా నీ సంగతులే చెప్పేది. వినలేక చచ్చేవాణ్ణి." ఆ మాట విన్నాకే నాకు ఏడుపు వచ్చింది. అతను దూరం పాటించాలి కాబట్టి దగ్గరకు రాలేదు. నా ఏడుపు అయ్యేదాకా గేటు అవతల అలాగే నిలబడ్డాడు.

మర్నాడు ఆమెను తీసుకువెళ్ళాం. దహనవాటిక చాలా దూరం, లోపలికి వెళ్ళగలిగేది కొద్దిమందే. మిగతావాళ్ళు ఆ రోజుల్లో అందరూ చేసినట్టే దారి పక్కన నిలబడ్డారు. రేంజికి వెళ్ళే మలుపు దగ్గర క్లబ్బువాళ్ళు గోడ వెంబడి ఎడం ఎడంగా, వానలో, మాస్కులతో ఉన్నారు. వాళ్ళలో చాలామంది నాకు తెలియదు. వాళ్ళందరికీ ఆమె తెలుసు. శవపేటిక ఉన్న కారు ముందు పోతోంది, వెనక కారులో నేను. వరుస చివరన ఆకుపచ్చ వానకోటులో ఒక పెద్దావిడ, నేను ఎప్పుడూ చూడని మనిషి, కుడిచేతి తొడుగు లాగి తీసేసింది. ముందు కారు తన పక్క నుంచి పోతుంటే ఆ ఉత్త చేతిని చాచి, తడిసిన అద్దాన్ని వేళ్ళ కొసలతో తాకింది. కారు ఆగలేదు. మా కార్లు మలుపు తిరిగేదాకా ఆమె ఆ చేతిని దించలేదు. వాన వేళ్ళ మీదుగా జారి మోచేతి దాకా కారుతోంది.