అన్నయ్య ఊపిరి సంచి

మా అన్నయ్య విశాఖలో ఒక కంట్రాక్టరు దగ్గర డైవరు. ఓడల అడుగున మరమ్మతులు చేసేవాడు. నీళ్లలో దిగేటప్పుడు ఛాతీకి ఒక రబ్బరు సంచి కట్టుకునేవాడు. వదిలిన ఊపిరినే అది శుభ్రం చేసి మళ్లీ పీల్చుకోవడానికి ఇస్తుందట. ఛీ, ఎంగిలి ఊపిరి, అని ఏడిపించేదాన్ని.

ఆ సంచిని ఒంటికి పట్టి ఉంచే కాన్వాసు జాకెట్టు సరిచేయడం నా పని. ఎనభైల్లో యానాం ఫరంపేటలో, మా ఇంటి అరుగు మీద నాకు కుట్టుమిషను ఉండేది. సెలవుకొచ్చినప్పుడల్లా పట్టీ భుజం కోస్తోందనో, సంచి పక్కకు జారుతోందనో తెచ్చేవాడు. ఎంత బాగా కుట్టినా ఏదో ఒక వంక పెట్టేవాడు.

ఒక వానాకాలం వచ్చి పట్టీలు బిగించమన్నాడు. బిగించాను. దీపావళికి వచ్చి మళ్లీ బిగించమన్నాడు. గుడ్డ సాగిందన్నాడు. కాన్వాసు సాగదని మిషను తొక్కేదానికి ఒకరు చెప్పాలా? కొలత తీద్దామని చొక్కా విప్పించాను. టేపు కింద పక్కటెముకలు తగిలాయి. నాకు భయం వేస్తే ముందు కోపం వస్తుంది. నోటికొచ్చినట్టు తిట్టి, ఆసుపత్రికి పొమ్మన్నాను.

అప్పటికే వెళ్లాడట. ఇక నీళ్లలో దిగొద్దన్నారట. ఆ సంగతి కంట్రాక్టరుకి తెలిస్తే మానిపించేస్తాడు. అందుకని జాకెట్టు ఒంటికి నిండుగా కనిపించాలి.

"లోపల ఏదన్నా పెట్టి కుట్టవే," అన్నాడు. "ఒడ్డున కూచుని నేనేం చెయ్యను?"

కుట్టనన్నాను. సాయంత్రం తనే సూది పట్టుకుని మొదలుపెట్టాడు. ఆ కుట్లు నీళ్లలో ఊడిపోయేవి. చూడలేక లాక్కున్నాను. పాత కంబళి కోసి, మడతలు పెట్టి లోపల వేసి కుట్టాను. తొడుక్కుని అద్దం ముందు నిలబడ్డాడు. పెళ్లికొడుకులా ఉన్నావన్నాను గానీ, ఏడుపు ఆగలేదు.

మాఘమాసంలో తిరిగొచ్చేశాడు. జాకెట్టు లేదు. నా చేతిలో ఒక పొట్లం పెట్టాడు.

"జాకెట్టు నా బదులు దిగే అతనికిచ్చేరే. బిగువుగా ఉందని నీ కుట్లన్నీ విప్పించేశాడు."

పొట్లంలో కంబళి ముక్కలు, ఉప్పునీటికి అట్టలు కట్టి ఉన్నాయి. ఉతికి ఆరేశాను. కొన్నాళ్లకి నవారు మంచం వీపు ఎముకలకి ఒత్తుకుంటోందన్నాడు. ఆ ముక్కల్నే ఒక మెత్తటి చీరగుడ్డలో పేర్చి కుట్టి, వీపు కింద వేశాను. ఎలా ఉందని అడిగాను. మళ్లీ ఏదో వంక పెడతాడని చూస్తూ నిలబడ్డాను. పెట్టాలని కోరుకున్నాను కూడా.

"సరిపోయిందే," అన్నాడు.